హైదరాబాదు క్లోరోఫాం పంచాయితీ

1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. ముందు ఆగింది ఊపిరా, గుండెనా? ఈ తగువు నలభై ఏళ్లు నలిగి నలిగి చివరికి హైదరాబాదు చేరింది.

నిజాముల రాజధాని అది. అక్కడి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. మత్తిచ్చేటప్పుడు నాడితో పనిలేదు, ఊపిరిని కనిపెట్టుకుంటే చాలన్నది గురువు మాట. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయించి, గురువుదే ఒప్పని లారీ తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు.

నమ్మనివాళ్లే మనిషిని పంపండి, ఖర్చు నాదంటూ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చాడు. లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్ అంతవరకు క్లోరోఫాం గుండెను ఆపగలదనే పక్షమే. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. రక్తపోటు గీతలన్నిటికీ ఫోటోలు తీయించారు. బ్రంటన్ మనసు మారింది. ఊపిరాడకో, మోతాదు మించో తప్ప గుండెకు నేరుగా ముప్పు లేదని లండన్‌కు తంతి కొట్టాడు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చువేసింది.

నాకు మింగుడుపడనిదల్లా ఈ పరీక్షలు జరిపిన కమిషన్‌కు అధ్యక్షుడు లారీయే కావడం. వాదీ తానే, పంచాయితీ పెద్దా తానే! అయితే డబ్బెవరిదో, పరీక్షించిందెవరో, గీతలు ఏం చెప్పాయో మాత్రం దాచలేదు. పరిశోధన వ్యాసాలను వడపోసే సమీక్షకుల పేర్లు నేటికీ చాలా వైద్య పత్రికల్లో గుట్టే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ పేర్లను రచయితలకు చెప్పడం మొదలుపెట్టింది 1999లో.

అంతా బయట ఉండబట్టే, 1893లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు అదే జర్నల్లో హైదరాబాదు కమిషన్‌నే విమర్శకు పెట్టగలిగారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో అసలు గుట్టు రట్టయింది. మోతాదు మించినప్పుడు కాదు, తేలిక మత్తులోనే గుండె కింది గదులు లయ తప్పి, అదిరి, ఆగిపోతున్నాయి. లారీ బడిలో నేర్చినవాళ్లు నాడి చూడరు కదా. గుండె ఆగిందని వాళ్లకు తెలిసేది ఊపిరి కూడా ఆగాకే.