మశూచి సోకిన పిల్లలకు దానిమ్మ పుక్కిలింత

వుజూలో నోటిని నీటితో పుక్కిలించడాన్ని అరబ్బీలో ‘మజ్మజా’ అంటారు. నీటిని గొంతు దాకా పోనిచ్చి గరగరలాడించడం ‘గర్‌గరా’. తెలుగులో రెండింటికీ ‘పుక్కిలించడం’ అనే సరిపెట్టుకుంటాము. వైద్యగ్రంథాలలో ఈ తేడాను విడిచిపెడితే వైద్యుని ఉద్దేశమే మారిపోతుంది. అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (865–925) మశూచి, తట్టు వ్యాధులపై రచించిన చిన్న గ్రంథం ఇందుకు మంచి ఉదాహరణ.

రాజీ కాలంలో మశూచి బాల్యంలో వచ్చే వ్యాధి. దానిని తప్పించుకున్న పిల్లలు బహు అరుదు. బిడ్డ రక్తం ఇంకా పులియని ద్రాక్షరసం వంటిదనీ, అది పొంగి పులియడమే మశూచి అనీ ఆయన భావించారు. వ్యాధి లక్షణాలు కనబడగానే కళ్లను, ముక్కును, చెవులను, గొంతును ఎలా కాపాడాలో విడివిడిగా వివరించారు. గొంతు కోసం చెప్పినది గర్‌గరా: పుల్లదానిమ్మ రసంతో గాని, సుమాక్ అనే పుల్లని కాయలు నానిన నీటితో గాని, తెల్ల మల్బరీ పండ్ల రసంతో గాని చేయించాలి. అవేవీ లేకపోతే చన్నీళ్లతోనైనా మాటిమాటికీ చేయించాలి. ఆయన భయమల్లా గొంతులో పొక్కులు లేచి ఊపిరి ఆగిపోతుందనే. పళ్ల శుభ్రత ఇక్కడ ప్రస్తావనే కాదు.

రాజీకి క్రిములు తెలుసుననే వాదన ఆయనకు గౌరవం తెచ్చేది కాదు. పులుపు, వగరు శరీరాన్ని చల్లబరచి బిగిస్తాయన్నది గాలెన్ నుండి వచ్చిన సిద్ధాంతం. పుక్కిలింతతో మశూచి ఆగదు. కాని ఆయన చూపు సరైన చోటనే నిలిచింది. మశూచిలో నోటి పుండ్లు చర్మంపై పొక్కులకంటే ముందే వస్తాయి. తట్టులో బుగ్గల లోపలి తెల్లని చుక్కలను 1896లో కోప్లిక్ వర్ణించారు. మశూచి నిర్మూలమైనదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఉమ్మివేయడం తెలియని పసివాని సంగతి వేరు. ఇబ్ను సీనా (980–1037) ‘అల్ ఖానూన్’లోని శిశుపోషణ ప్రకరణంలో పళ్లు వచ్చే బిడ్డ చిగుళ్లకు తేనె, బాబూనా నూనె కలిపి రుద్దమన్నారు. పళ్లు గట్టిపడ్డాక మరీ ఎండని అతిమధురం వేరును నోట ఉంచమన్నారు. నేటి దంతవైద్యులు కూడా ఆరేళ్ల లోపు పిల్లలకు పుక్కిలింత మందులు సాధారణంగా వద్దంటారు, మింగేస్తారని. అయితే ఇబ్ను సీనా చెప్పిన తేనెను ఏడాది నిండని బిడ్డకు నేడు ఏ వైద్యుడూ ఒప్పుకోడు. అందులోని బీజాలవల్ల బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు. మూలికలన్నీ, ప్రకృతి పదార్థాలన్నీ పసివారికి నిరపాయమన్న మాట ఆ గ్రంథాల నుండి తీసుకోదగినది కాదు.

రాజీ మశూచి గ్రంథం 1848లో గ్రీన్‌హిల్ అనువాదంగా ఆంగ్లంలో వెలువడింది. ఆయన బృహద్గ్రంథం ‘అల్ హావీ’ అరబ్బీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుండి 23 భాగాలుగా ముద్రించింది.