లింబాయత్‌లో తెలుగు ఓటు: మెజారిటీ అంకె చెప్పని సంగతి

ఒక నియోజకవర్గం ఎవరికైనా కంచుకోటా, లేక ఎటైనా మొగ్గే స్థానమా అన్నది సాధారణంగా గత మెజారిటీని చూసి తేలుస్తారు. ఆ లెక్కన గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఉన్న లింబాయత్‌లో పోటీయే లేదు. 2008 పునర్విభజనతో ఏర్పడ్డ ఈ స్థానంలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి సంగీతా పాటిల్ 2012, 2017, 2022లో వరుసగా గెలిచారు. చివరిసారి ఆమెకు 95,696 ఓట్లు రాగా, ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థి పంకజ్ తాయడేకు 37,687 వచ్చాయి. తేడా 58,009. 2027 చివర్లో జరగాల్సిన శాసనసభ ఎన్నికలను ఈ ఒక్క అంకెతో అంచనా వేయలేమని నా వాదన.

2022లో ఇక్కడ బరిలో నిలిచినవారు 44 మంది. రాష్ట్రంలో ఏ స్థానంలోనూ అంతమంది లేరు. వారిలో ఎక్కువమంది ముస్లిం స్వతంత్రులు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పట్టేవి 16 మీటలే కాబట్టి, నోటాతో కలిపి ఓటరు ముందు మూడు యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. అయినా మూడు ప్రధాన పార్టీలూ నిలిపింది మరాఠీ అభ్యర్థులనే. మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చి స్థిరపడ్డవారి బలం అంతటిది.

మరి ఇక్కడి తెలుగువారి మాట? వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు తరాల కిందటే సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ చేరాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఇంత వేళ్లూనుకున్న సమాజమైనా, ఓటు ఇక్కడ ఉండాలా, ఊళ్లో ఉండాలా అన్నది ఇంటింటా తెగని ప్రశ్నే. రెండు చోట్ల పేరుండడానికి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. ఊళ్లో తల్లిదండ్రుల చేనేత పెన్షన్, రేషన్ కార్డు, ఓ గుంట భూమి ఉంటాయి. చట్టం వీటిని ఓటుతో ముడిపెట్టలేదు. కానీ జాబితాలో పేరు పోతే ఊరితో లంకె తెగుతుందన్న భయం చట్టం కన్నా బలమైనది.

పేరు ఇక్కడున్నవారికి మరో చిక్కు. పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని 1951 చట్టంలోని 135బి సెక్షన్ చెబుతోంది. దినకూలీలకూ అది వర్తిస్తుంది. అయితే మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ రోజు వేతనం ఎంతని కట్టాలి? పన్నెండు గంటల రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు నిద్ర మాని బూత్ వరసలో నిలబడాలి. ఓటింగ్ తగ్గితే నగరవాసుల ఉదాసీనత అనేస్తారు. ఆ మాట ఈ కార్మికుల పట్ల అన్యాయం.

2025 నవంబర్‌లో గుజరాత్‌లో మొదలైన ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ ఈ సమస్యను మరింత ముందుకు తెచ్చింది. పాత సవరణ జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో చూపాల్సి వచ్చింది. ఆ పేర్లు చాలామందికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి జాబితాల్లో, ఊరి చిరునామా కిందే దొరుకుతాయి. ఇక ఓటును ఊళ్లోనే ఉంచుకున్నవారి మాటకొస్తే, సొంత ఊరి ఓటును ఉన్నచోటి నుంచే వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుంచినా అది అమలుకు రాలేదు.

అందుకే 2027కు ముందు లింబాయత్‌పై జరిగే అధ్యయనం గెలుపు తేడాతో కాక, బూత్‌వారీ జాబితాలతో మొదలవ్వాలి. తెలుగు వీధుల్లో కొత్తగా చేరిన పేర్లు, తొలగించిన పేర్లు, పోలైన ఓట్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే పార్టీలు ఈ నేతకార్మికులకు టికెట్ ఎందుకివ్వడం లేదో తెలుస్తుంది.