‘సహజ’ మను మాట – జర్మను ద్రాక్షతోటల చరిత్ర

మన సంఘ సంచికలో మద్యమును గూర్చిన వ్యాసమునకు చోటేమని పెద్దలు కొందరు శంకింపవచ్చును. త్రాగుడును పొగడుట నా ఉద్దేశము గాదు. నాకా అలవాటును లేదు. జర్మనుల భాషలో ‘నాటూర్‌వైన్’, అనగా సహజమైన ద్రాక్షమద్యము, అను మాట యొకటి పుట్టి, గౌరవము నంది, శాసనముచే తొలగింపబడి, మరల వేఱొక యర్థముతో లేచినది. ఆ మాట వెనుక బీద రైతుల కథ యున్నది. పరభాషల నడుమ మాటలను కాపాడుకొని వచ్చిన మనకు ఒక మాట పడిన పాట్లు వినదగినవే యని తలచుచున్నాను.

జర్మనీలోని ప్రసిద్ధ ద్రాక్షతోటలు రైను, మోసెల్ మొదలగు నదుల యొడ్డున, ఇంచుమించు ఏబదవ అక్షాంశము చెంత నున్నవి. అంతటి చలిదేశమున ద్రాక్ష పండుటయే వింత. మోసెల్ తీరమున కొండచరియలు గోడలవలె నిట్టనిలువుగా నుండును. వానిపై పలకరాయి పగటి యెండను దాచుకొని రాత్రివేళ తీగకు వెచ్చదన మిచ్చును. అక్కడ గుఱ్ఱము గాని నాగలి గాని ఎక్కలేదు. మనిషి బుట్ట వీపున గట్టుకొని ఎక్కవలసినదే.

ఆ నేలకు తగిన ద్రాక్ష రీస్లింగ్. 1435వ సంవత్సరమున కాట్సెన్‌ఎల్న్‌బోగెన్ ప్రభువుల లెక్కల కాగితములలో రుస్సెల్స్‌హైమ్ తోటకై ఈ తీగలు కొన్నట్లు పద్దు వ్రాయబడియున్నది. దాని తొలి జాడ అదియే. ఒక మహాఫలముయొక్క పుట్టుక లెక్కలు వ్రాయువాని కలమున నిలిచినదన్న, జీవితమంతయు పద్దులు వ్రాసిన నావంటి వానికి కొంత సంతోషమే. 1720లో ఫుల్డా మఠాధిపతి యోహానిస్‌బెర్గ్ కొండపై రీస్లింగును విరివిగా నాటించెను. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్‌సెస్లావుస్ నాసిరకపు తీగలను తీసివేసి మంచిరకములను నాటవలసినదని మోసెల్ రైతులకు ఆజ్ఞ యిచ్చెను.

అయితే రీస్లింగు ఆలస్యముగా పండు ద్రాక్ష. శరత్కాలమున ఎండ చాలనియేట కాయలో తీపి నిండదు, పులుపు తగ్గదు. తీపి లేనిదే పులియుటలో సారము పుట్టదు. మంచి యెండతగులు చరియలు మఠములకును ప్రభువులకును చెందియుండ, చిన్న రైతునకు మిగిలినది నీడపట్టు. 1815లో మోసెల్ ప్రాంతము ప్రష్యా రాజ్యములో చేరగా, సుంకముల రక్షణవలన కొంతకాలము ధరలు హెచ్చినవి. రైతులు అప్పులు చేసి క్రొత్తతోటలు వేసిరి. 1834లో జర్మను సంస్థానముల సుంకసమాఖ్య ఏర్పడి దక్షిణపు మద్యము లోనికి రాగానే ధర కూలినది, అప్పు మిగిలినది. ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్సు 1843 జనవరిలో కొలోన్ నగరపు పత్రికలో వ్రాసినది ఈ మోసెల్ రైతుల కష్టములనే.

అదే ట్రియర్‌లో లూడ్విగ్ గాల్ (1791–1863) అను నతడు ప్రభుత్వ కార్యాలయమున కార్యదర్శిగా పని చేసెను. బీదలను అమెరికాకు చేర్చి బాగుపరుపవలెనని 1819లో వలసదారులతో వెళ్లి, ఆశాభంగముతో తిరిగి వచ్చెను. తరువాత రసాయనమును ఆశ్రయించెను. పండని ద్రాక్షరసమున పంచదార కలిపిన నీరు చేర్చినచో పులుపు పలుచనై సారము పెరుగునని 1850 ప్రాంతమున ప్రచారము చేసెను. చెడిన పంటయు అమ్ముడుపోవు మార్గ మేర్పడినది. మన వైద్యులు ద్రాక్షారిష్టమున బెల్లము చేర్చుట ఎల్లరెఱిగినదే. దానిని వారు దాచరు, యోగములోనే వ్రాసి చెప్పుదురు. గాల్ పద్ధతిలో దోషమంతయు దాచుటయందే వచ్చినది. రైతుకై పుట్టిన ఉపాయము వర్తకుల చేత జిక్కి, నీళ్లును పంచదారయు ఘనమైన తోటపేర్లతో అమ్ముడుపోయినవి.

1892లో శాసనము పంచదారను అంగీకరించెను. 1909 నాటి శాసనము, చేర్చు చక్కెరనీరు మొత్తములో అయిదవవంతు మించరాదనియు, చేర్చినదానిని శుద్ధమని పిలువరాదనియు నిర్ణయించెను. మరుసటియేడు, 1910లో, పంచదార చేర్చని మద్యమును మాత్రమే వేలమువేయు పెంపకందారుల ప్రాంతీయ సంఘములు నాలుగును కూడి దేశమునకెల్ల ఒక సంఘమైనవి. ట్రియర్ నగరాధ్యక్షుడు ఆల్బెర్ట్ ఫాన్ బ్రుఖ్‌హౌసెన్ అందు ముఖ్యుడు. సీసాపై ‘నాటూర్‌రైన్’ అనియుండిన అది పంచదార యెఱుగని దని నమ్మకము.

ఇది గొప్ప నియమము, సందేహము లేదు. కాని శుద్ధముగా నుండుటకు గూడ మంచి చరియ కావలెను గదా. ఆ చరియ లేనివానికి ఆ మాట ఎండమావియే. చిన్న రైతులు వేఱు దారి వెదకుకొనిరి: ఆర్ నదీతీరమున మైషోస్ గ్రామమున 1868లోనే 18 మంది కూడి సహకారసంఘము స్థాపించిరి. 1926 ఫిబ్రవరి 25న బెర్న్‌కాస్టెల్‌లో వేలకొలది మోసెల్ రైతులు మద్యముపై పన్ను భరింపలేక పన్నుల కచేరీపై బడి దస్త్రములను తగులబెట్టిరి. దస్త్రములు కాలినవని చదివినపుడు నా ప్రాణము చివుక్కుమన్నది. కాని ఆ పన్ను ఆ యేడే రద్దయినది.

1882లో హెర్మన్ ముల్లర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు గైసెన్‌హైమ్ విద్యాలయమున సంకరముచేసిన ముల్లర్-తుర్గావ్ ద్రాక్ష త్వరగా పండును, విరివిగా కాయును. రెండవ యుద్ధము తరువాత అది రీస్లింగు చోట్లను ఆక్రమించెను.

1971 నాటి శాసనము ‘నాటూర్‌రైన్’ అను మాటను తీసివేసినది. పండులోని తీపి కొలతనుబట్టి కాబినెట్, స్పేట్‌లేసె, ఔస్‌లేసె మొదలగు శ్రేణు లేర్పడినవి. వీనిలో పులియుటకు ముందు పంచదార చేర్చరాదు. కాని పులియని తీపిరసమును పిదప కలుపుకొనవచ్చును! పాతసంఘము పేరు మార్చుకొనవలసివచ్చినది. కొలతకు అందినదే శ్రేష్ఠమను ఈ పద్ధతి నా దృష్టిలో అంత న్యాయమైనది గాదు.

ఇపుడా మాటను మరల పలుకువారు వేఱు. వారు తోటలో రసాయనపు మందులు వాడరు. తొట్టిలో బయటి పులియు పదార్థము వేయరు. గంధకమును గూడ మానుదురు, లేదా మిక్కిలి తగ్గింతురు. 1498లో ఫ్రైబుర్గ్ సామ్రాజ్యసభ కాలమునుండి శాసనము పరిమితితో అంగీకరించిన గంధకమును పాత నాటూర్‌వైన్ వారెవరును తప్పనలేదు. మోసెల్ తీరమున కిన్‌హైమ్‌లో రుడోల్ఫ్ ట్రోస్సెన్ 1978 నుండి రసాయనములు లేని సేద్యము చేసి, 2010 నుండి గంధకము చేర్చని రీస్లింగును తీయుచున్నాడు.

నాణ్యపు శ్రేణిలో నిలువవలెనన్న ప్రతి మద్యమును ప్రభుత్వ పరీక్షలో నెగ్గవలెను. వడగట్టక మబ్బువలె నుండు ఈ సీసాలు అక్కడ తరచు తిరస్కరింపబడును. కావున ఒకప్పుడు ప్రభువుల వేలములలో అగ్రస్థానమున నిలిచిన సహజమద్యము, నేడు పలుమారు ‘జర్మను వైను’ అను అట్టడుగు తరగతిలో, తాను పండిన చరియ పేరైనను సీసాపై వ్రాసికొను హక్కు లేక, అమ్ముడుపోవుచున్నది.