ట్రోల్ (యూజ్‌నెట్)

ట్రోల్ అనగా చర్చాబృందంలోని సభ్యులను రెచ్చగొట్టి, వారిచేత కోపంతో జవాబులు వ్రాయించుటకై కావాలని పెట్టిన సందేశము. అట్టి సందేశము వ్రాసిన వ్యక్తిని కూడా ట్రోల్ అనే అంటారు. ఈ చర్యకు ట్రోలింగ్ అని పేరు. 1990వ దశకపు తొలి సంవత్సరాలలో యూజ్‌నెట్‌లో ఈ మాట వాడుకలోకి వచ్చినది.

నేపథ్యము

యూజ్‌నెట్‌ను 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ రూపొందించారు. 1980లో ఇది వాడుకకు వచ్చినది. ఇందలి చర్చాబృందాలను న్యూస్‌గ్రూపులు అంటారు. కంప్యూటరు విషయాల బృందాల పేర్లు "కాంప్" అనే మాటతో మొదలవుతాయి. లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ ప్రయత్నాన్ని 1991 ఆగస్టు 25న ప్రకటించినది కాంప్.ఓఎస్.మినిక్స్ అనే బృందంలోనే. తెలుగువారికి సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే బృందము ఉండేది.

పద చరిత్ర

ఆంగ్లంలో ట్రోలింగ్ అనగా కదిలే పడవ వెనుక ఎరను ఈడ్చుకొంటూ చేపలు పట్టుట. ఆల్ట్.ఫోక్‌లోర్.అర్బన్ బృందంలోని పాత సభ్యులు, పలుమార్లు చర్చించి ముగించిన ప్రశ్నను ఏమీ తెలియనట్లు మళ్ళీ అడిగేవారు. తోటి పాతవారు గుర్తుపట్టి నవ్వుకొనేవారు. కొత్తవారు మాత్రం తప్పు దిద్దబోయి గాలానికి చిక్కేవారు. అనగా మొదట ఇది పరిహాసమే. ద్వేషపూరితమైన అర్థము తరువాత వచ్చినది. స్కాండినేవియా జానపద కథలలోని ట్రోల్ అనే వికృతాకారుని పేరు కూడా ఇదే కావడంతో ఆ భావము కూడా దీనితో కలిసిపోయినది.

పరిహాసానికి, ట్రోలింగ్‌కు తేడా

వ్రాతలో కంఠస్వరము, ముఖకవళికలు ఉండవు. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటరు సందేశ ఫలకంపై ఒకరు, లిఫ్టులో పాదరసము ఒలికినదని హాస్యానికి వ్రాయగా కొందరు నిజమని నమ్మారు. హాస్యాన్ని గుర్తించుటకు అదే సంవత్సరం సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ :-) అనే చిహ్నాన్ని సూచించారు.

పరిహాసంలో ఎదుటివారు కూడా నవ్వగలరు. వారు నొచ్చుకొంటే చేసినవారు ఆగిపోతారు. ట్రోల్‌కు ఎదుటివారి నొప్పే ప్రతిఫలము, కనుక ఆగడు.

అయితే భిన్నాభిప్రాయము గల ప్రతివారూ ట్రోల్ కారు. 1992 జనవరి 29న ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ నిర్మాణము కాలం చెల్లినదని వ్రాశారు. టోర్వాల్డ్స్ ఘాటుగా బదులిచ్చి, తరువాత తన ధోరణికి క్షమాపణ చెప్పారు. అది సాంకేతిక వివాదమే గాని ట్రోలింగ్ కాదు. తెలియక అడిగిన కొత్తవారిని ట్రోల్ అని ముద్రవేస్తే బృందము మంచి సభ్యులనే పోగొట్టుకొంటుంది.

ఎదుర్కొనే పద్ధతులు

* మౌనము: ట్రోల్‌కు జవాబే ఆహారము. తిట్టినా, వాదించినా కోరినది దొరికినట్లే.
* కిల్‌ఫైలు: ఒక వ్యక్తి లేదా విషయానికి చెందిన సందేశాలు కనిపించకుండా చేసే జాబితా. లారీ వాల్ 1984లో విడుదల చేసిన ఆర్ఎన్ అనే చదువరి సాఫ్టువేరులో ఈ సదుపాయము ఉన్నది.
* ఒక రాత్రి ఆగుట: 1995 అక్టోబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1855 అనే మర్యాద సూత్రాల పత్రము, ఆవేశంతో వ్రాసిన జవాబును మరునాటి వరకు పంపవద్దని సూచించినది.
* జవాబుల దారి మళ్ళింపు: పరస్పరము పడని రెండు బృందాలకు ఒకే సందేశము పంపి తగవు పెట్టడం ట్రోల్‌ల అలవాటు. జవాబిచ్చేవారు చిరునామా వరుసను సరిచూసి, ఒక్క బృందానికే పంపితే తగవు వ్యాపించదు.
* మోడరేటరు: ముందుగా చదివి అనుమతించే వ్యక్తి. 1985లో మొదలైన కాంప్.రిస్క్స్ ఇట్టిదే.

మౌనము చాలని సందర్భము

ఫైళ్ళను చెరిపివేసే ఆర్ఎం వంటి ఆదేశాన్ని పరిష్కారమంటూ కొత్తవారికి చెప్పే దుష్టులు ఉన్నారు. నమ్మి అమలు చేసినవారి ఫైళ్ళన్నీ పోగలవు. ఇట్టిచోట ఊరకుండుట తగదు. "దీనిని అమలు చేయవద్దు" అని కారణంతో ఒక్కసారి వ్రాసి, ఆ పిమ్మట వాదన పెంచకుండా ఆగవలెను. ఈ జవాబు ట్రోల్‌కు కాదు, చదివే కొత్తవారికి.

నేటి స్థితి

2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌కు కొత్త సందేశాలు పంపే సదుపాయాన్ని నిలిపివేసినది. ఇతర సర్వర్లలో యూజ్‌నెట్ కొనసాగుతున్నది. నేటి తెలుగులో "ట్రోల్ చేయడం" అంటే సినిమా నటులను, రాజకీయ నాయకులను మూకుమ్మడిగా ఎగతాళి చేయడమనే అర్థమే ఎక్కువ. గాలము, ఎర అనే తొలి భావము మరుగున పడినది.

ఇవి కూడా చూడండి

* యూజ్‌నెట్
* లినక్స్
* ఎమోటికాన్