పవర్ స్టీరింగ్ గొట్టం లీకు
లారీ ముందు చక్రాలపై పడే బరువు ఎక్కువ కనుక, ఇంజనుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగ్ గేరుబాక్సుకు పంపి డ్రైవరు శ్రమను తగ్గించే ఏర్పాటును పవర్ స్టీరింగ్ అంటారు. పియర్స్-ఆరో లారీల విభాగంలో పనిచేసిన అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో దీన్ని నడిపి చూపాడు.

నూనె కారుతున్న చోటును కనుగొనడానికి గొట్టాలను శుభ్రంగా తుడిచి, ఇంజను నడుస్తుండగా అట్టముక్కతో పరీక్షించాలి. సన్నని ధార చర్మంలోకి చొచ్చుకుపోగలదు కనుక చేతితో తడమరాదు. నూనెను తిరిగి ట్యాంకుకు చేర్చే రిటర్న్ గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి, పాడైన కొసను కోసి కొత్త క్లిప్పు బిగించడం ఇంటి వద్ద సాధ్యమే. చదరపు అంగుళానికి 1,000 పౌండ్లకు మించిన ఒత్తిడి ఉండగల ప్రెషర్ గొట్టానికి మాత్రం క్లిప్పులు, టేపులు నిలవవు. పైగా చిమ్మిన నూనె వేడెక్కిన సైలెన్సర్ గొట్టంపై పడితే మంట రేగవచ్చు. ప్రెషర్ గొట్టాన్ని ఓ-రింగులతో సహా మార్చడమే సరైన పద్ధతి.

తర్వాత తయారీదారు సూచించిన నూనె పోసి, ముందు చక్రాలను జాకీతో లేపి, స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగును ఇరువైపులా చివరిదాకా పలుమార్లు తిప్పితే లోపలి గాలి బయటపడుతుంది. గాలి మిగిలితే నూనె నురగకట్టి పంపు మూలుగుతుంది.