తప్పిపోయిన పిల్లల రాయి

2027 గోదావరి పుష్కరాలకు పనులు మొదలయ్యాయి. ఘాట్లు, రోడ్లు, రైళ్ళ గురించి సమీక్షలు జరుగుతున్నాయి. పుష్కరమైనా జాతరైనా మైకులో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: ఎర్రగౌను వేసుకున్న నాలుగేళ్ళ పాప కంట్రోల్ రూమ్ దగ్గర ఉంది, తాలూకు వాళ్ళు ఎక్కడున్నా రావాలి. పేరడిగితే ఆ పాప ‘బుజ్జి’ అంటుంది. నాన్న పేరేమిటంటే ‘నాన్న’ అంటుంది. ఆ పక్క కుర్చీలోనే మతిమరుపు ముదిరిన పెద్దాయన ఉంటాడు. అడ్రసు తడుముకోకుండా చెబుతాడు, కానీ ఆ ఇల్లు నలభై ఏళ్ళ కిందట అమ్మేసినది.

నోరు చెప్పలేనిది ఒంటిమీదో జేబులోనో రాసి ఉండాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. లండన్‌లో 1741లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే శిశు ఆశ్రమం తలుపులు తెరిచినప్పుడు, బిడ్డను పెంచుకోలేక అక్కడ వదిలిన తల్లులు ఏదో ఒక గుర్తు ఇచ్చి వెళ్ళేవారు. చిన్న గుడ్డముక్కో, నాణెమో ఇస్తే, ఏనాటికైనా తిరిగొచ్చినప్పుడు ఈ బిడ్డ నాదేనని చెప్పుకోవచ్చు. మన దేశంలో 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద అరచేతి ముద్ర తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో వెలిసింది. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతికి లెక్క కట్టినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాయించినదీ మనిషిని పోల్చుకోవడానికే. 1939 సెప్టెంబరులో బాంబులకు భయపడి బ్రిటన్ నగరాల నుంచి పల్లెలకు పంపిన పిల్లల కోట్లకు పేరు రాసిన చీటీలు వేలాడాయి.

ఇవన్నీ మనిషిని గుర్తుపట్టడానికి పుట్టిన ఉపాయాలు. గుర్తుపట్టాక ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన అందమైన జవాబు జపాన్‌లో ఉంది. అదొక రాయి.

ఇప్పటి టోక్యో పేరు ఒకప్పుడు ‘ఎదో’. పద్దెనిమిదో శతాబ్దం నాటికే దాదాపు పది లక్షల జనాభాతో కిటకిటలాడిన నగరం. అక్కడి తల్లులు పిల్లల నడుంపట్టీకి చెక్కబిళ్ళో ఇత్తడిబిళ్ళో కట్టేవారు. ఒకవైపు పిల్లవాడి పేరు, ఊరు, పేట ఉంటాయి. రెండోవైపు వాడు పుట్టిన సంవత్సరానికి గుర్తుగా ఎలుకో, పులో, కుందేలో చెక్కి ఉంటుంది. చూసేవాళ్ళకు నగలా కనిపించే ఆ బిళ్ళే పిల్లవాడి చిరునామా. అయినా పిల్లలు తప్పిపోయేవారు. రాత్రివేళ పేటవాళ్ళంతా లాంతర్లు పట్టుకుని, కంచుగంటలు మోగిస్తూ, డప్పులు కొడుతూ, బిడ్డ పేరు పిలుస్తూ సందుసందూ తిరిగేవారు.

తప్పిపోయిన బిడ్డ ఏ పేటలో కనబడితే ఆ పేటవాళ్ళే సాకాలన్నది అక్కడి కట్టుబాటు. అన్నం పెట్టాలి, పడుకోబెట్టాలి, కన్నవాళ్ళను వెతకాలి. ఆ ఖర్చూ బాధ్యతా పేటదే. నిహోంబాషి, ఇచికోకుబాషి వంతెనల నడుమ ఉన్న బజారులో రద్దీ ఎక్కువ, తప్పిపోయే పిల్లలూ ఎక్కువే. అందుకే 1857లో ఆ పేట పెద్దలు ఇచికోకుబాషి పక్కన మనిషెత్తు రాతిస్తంభం నిలబెట్టారు. తప్పిపోయిన పిల్లలకు దారి చూపే రాయి ఇదని ముందువైపు చెక్కించారు. ఒక పక్కన ‘వెతికేవారు’ అని, రెండో పక్కన ‘తెలిపేవారు’ అని ఉంటుంది. రెండు పక్కలా పైభాగాన కాగితం అంటించడానికి పలకలా చదునుగా చెక్కిన పల్లం ఉంటుంది.

బిడ్డ కనబడని తల్లి వయసు, ముఖం తీరు, వేసుకున్న బట్టలు కాగితం మీద రాయించి వెతికేవారి పక్కన అంటిస్తుంది. బిడ్డ దొరికిన కొట్టువాడు అవే వివరాలు రాసి తెలిపేవారి పక్కన అంటిస్తాడు. దారిన పోయేవాళ్ళు రెండూ చదువుతారు. రెండు కాగితాలూ కలిస్తే బిడ్డ ఇంటికి చేరినట్టే. దానికి పోలీసు బలగం అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. ఎక్కడికి రావాలో ఊళ్ళో అందరికీ తెలిస్తే చాలు. యుషిమా గుడి ఆవరణలో 1850లోనే ఇలాంటి రాయి వెలిసింది. ఇచికోకుబాషి రాయి 1923 భూకంపాన్నీ, రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబులనూ తట్టుకుని నేటికీ అక్కడే ఉంది.

ఆ తర్వాతి కథ ఇంత సాఫీగా నడవలేదు. 1979 మే 25న న్యూయార్క్‌లో బడికి బయల్దేరిన ఆరేళ్ళ బాలుడు మాయమయ్యాడు. ఆ తేదీనే తప్పిపోయిన పిల్లల దినంగా పాటిస్తున్నారు. 1984 నుంచి అమెరికాలో పాలడబ్బాల మీద పిల్లల ఫోటోలు అచ్చయ్యాయి. అవి పసివాళ్ళను భయపెడుతున్నాయని పిల్లల వైద్యులు అభ్యంతరం చెప్పారు. వేలిముద్రలు, ఫోటో, కొలతలు ఒకేచోట పెట్టుకునే గుర్తింపు కిట్లను సంఘాలు, బళ్ళు ఊరూరా పంచాయి. కిట్ ఇంట్లో బీరువాలో ఉంటుంది, బిడ్డ వీధిలో ఉంటుంది. రెంటినీ కలిపే మనిషి లేకపోతే కిట్ కాగితంగానే మిగిలిపోతుంది.

జపాన్‌లో ఇప్పుడు పెద్దవాళ్ళూ తప్పిపోతున్నారు. మతిమరుపు జబ్బుతో ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళ గురించి 2023లో పోలీసులకు అందిన ఫిర్యాదులు 19,039. అందరూ ప్రాణాలతో దొరకలేదు. 2016లో ఇరుమా నగరం అలాంటివారి గోటికి క్యూఆర్ కోడ్ స్టిక్కరు అంటించడం మొదలుపెట్టింది. సెంటీమీటరు చదరపు ముక్క, నీళ్ళకు తడవదు. ఫోన్‌తో స్కాన్ చేస్తే నగరపాలక కార్యాలయం నంబరు వస్తుంది. ఆ గోరు పట్టుకున్నవాడికి ఎవరిని పిలవాలో తెలుస్తుంది. 1857 నాటి రాయి చేసిన పనీ ఇదే.

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నాలున్నాయి. ప్రయాగలో 1946లో రాజారామ్ తివారీ తప్పిపోయినవాళ్ళ కోసం తెరిచిన శిబిరం, 2016లో ఆయన పోయాక కూడా నడుస్తోంది. పంబలో పోలీసులు కట్టే ఫోన్ నంబరు బ్యాండు మన అయ్యప్ప భక్తుల పిల్లల చేతికీ ఉంటుంది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు ఏదైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆశ్రమంలో ఆధార్ తీయబోతే ముందే నమోదైనట్టు తేలి, ఏళ్ళ తర్వాత తల్లిదండ్రుల్ని చేరిన పిల్లలూ ఉన్నారు. అయితే పోర్టళ్ళు, యాప్‌లు, ట్యాగులు దేనికదే. వీధిలో బిడ్డ కనబడితే ఎక్కడికి తీసుకెళ్ళాలని అడగండి, పదిమందీ పది జవాబులు చెబుతారు.

పుష్కరాలకు ఇంకా వ్యవధి ఉంది. మీ ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఒక్కో కార్డు తయారు చేయండి. ఇటీవలి ఫోటో, ఎత్తు, పుట్టుమచ్చలు, వాడే మందులు, రెండు ఫోన్ నంబర్లు రాయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఫోన్‌లో ఉంచండి. ప్రయాణం రోజు పొద్దున, వేసుకున్న బట్టల్లోనే ఒక ఫోటో తీయండి. నంబరు చీటీని చొక్కా లోపలివైపు కుట్టండి, పేరు మాత్రం బయటికి కనబడనివ్వకండి. పిల్లలకు 1098, వృద్ధులకు 14567, అత్యవసరానికి 112 అని ఇంట్లో అందరికీ నేర్పండి. మీ ఊరి జాతర కమిటీని, మీ వార్డు పెద్దల్ని ఒక్కటే అడగండి: వెతికేవారూ తెలిపేవారూ కలిసే చోటు ఎక్కడ? జవాబు లేకపోతే, ఆ చోటు పెట్టించేదాకా అడుగుతూనే ఉండండి.