తేనెపట్టు, మూత్రపిండం: 1943 నాటి రెండు ఘట్టాలు

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమిపై చెంచులు తాళ్లతో కొండచరియలు దిగి తేనె తీయడం తరతరాల వృత్తి. వారి జీవనంపై హైమన్‌డార్ఫ్ రచించిన గ్రంథం 1943లో వెలువడింది. ఆ ఏడాదే నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండంతో మనిషికి డయాలిసిస్ చేశాడు. 1945లో ఆ యంత్రం 67 ఏళ్ల వృద్ధురాలి ప్రాణం నిలిపింది.

ఈ రెంటికీ సంబంధమేమిటి? లండన్‌పై బాంబులు కురిసిన రోజుల్లో, శిథిలాల కింద నలిగి బయటపడినవారు కొద్ది రోజులకే మూత్రం తగ్గిపోయి మరణించడాన్ని బైవాటర్స్, బీల్ 1941లో వివరించారు. నలిగిన కండరాల నుండి వెలువడే మయోగ్లోబిన్ మూత్రనాళికలను దెబ్బతీస్తుంది. తేనెటీగలు, కందిరీగలు గుంపుగా కుట్టినప్పుడు వాటి విషం కూడా కండరాలను, ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేస్తుంది. అప్పుడు మూత్రపిండాలకు కలిగే హాని కూడా ఇటువంటిదే.

కావున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాసులకు నా మనవి: ఈగలు గుంపుగా కుట్టినచో, నొప్పి తగ్గినదని ఇంట ఉండిపోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తరువాతి రోజుల్లో మూత్రం డికాక్షన్ రంగుకు మారినా, పరిమాణం తగ్గినా అది ప్రమాద సూచన. సకాలంలో సెలైన్, అవసరమైతే డయాలిసిస్ అందితే చాలామందిలో మూత్రపిండాలు తిరిగి కోలుకుంటాయి.